నమిలిన సంగటి

కథల్లో మనుషులు అన్నం పూర్తిగా తినరు. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు, నేనే కనిపెట్టాను. చిన్నప్పుడే చదువుకున్నవాళ్ళు గబగబా చదివేస్తారు కాబట్టి వాళ్ళ కంటికి ఆనలేదేమో. నేను తల నెరిశాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. వరుస కింద వేలు పెట్టి, ఒక్కో మాటా పలికి, అది నోట్లో నిలిచాకే పక్క మాటకు పోతాను. ఇప్పటికీ వేలు లేకుండా చదవలేను. ఇంత నిదానంగా చదివే మనిషికి, విస్తరి ముందు కూర్చున్నవాడు ఎన్ని ముద్దలు తిన్నాడో బాగా తెలుస్తుంది. రెండు తింటాడు. మూడోది నోటి దాకా పోయేసరికి ఎవరో తలుపు కొడతారు. టెలిగ్రామ్ వస్తుంది, లేదంటే ఏట్లో ఎవరో పడ్డారని కబురు వస్తుంది, ఏదీ రాకపోతే పెళ్ళామే ఒక అనరాని మాట అంటుంది. అంతే, విస్తట్లోనే చెయ్యి కడిగేసి లేచిపోతాడు. మిగిలిన అన్నం ఏమైందో రాసినవాడు చెప్పడు. కోళ్ళకు వేశారా, కుక్కకు వేశారా, పొగలో కళ్ళు మండించుకుని వండినామె తలుపు చాటున కూర్చుని తానే తినేసిందా? ఒక్క మాట ఉండదు. ఆయన బాధ గురించి మాత్రం మూడు పేజీలు ఉంటాయి.

మాది జవళగిరి దగ్గర, అడివి పక్క ఊరు. ఇంట్లో తెలుగు, బస్సులో తమిళం, రాష్ట్రం ఎల్ల దాటి సంతకు పోతే కన్నడం. బడి తమిళ బడి. నా పిల్లలు తమిళం చదువుకున్నారు. ఇంట్లో మాట్లాడుకునే భాషను చదవగలిగిన మనిషి ఇంట్లో ఒక్కరు లేరు. హోసూరులో పనిచేసి రిటైరైన టీచరమ్మ ఒకామె మా ఊళ్ళో ఇల్లు కట్టుకుని, సాయంత్రాలు వరండాలో ఆడవాళ్ళను కూర్చోబెట్టి తెలుగు అక్షరాలు దిద్దించేది. సంతకం వచ్చేసరికి మిగతావాళ్ళు మానేశారు. నాకు మానాలనిపించలేదు. సంతకం ఒక్కటే చదువైతే దానికి ఇన్ని అక్షరాలు ఎందుకని అడిగాను. టీచరమ్మ నవ్వి, ఇంట్లో ఉన్న పాత నవలలన్నీ గోతంలో వేసి ఇచ్చేసింది. చెదలు పట్టకుండా చూడమ్మా, అది చాలు అంది.

చెదల కంటే నేనే ఎక్కువ తిన్నాను వాటిని.

ఆ నవలల్లో ధనవంతుల ఇళ్ళలో పంచభక్ష్య పరమాన్నాలు వడ్డిస్తారు. ఆ ఒక్క మాటతో భోజనం అయిపోతుంది. ఆ అయిదూ ఏవి అని టీచరమ్మను అడిగాను. ఆమె వేళ్ళు ముడిచి చెప్పింది: కొరికి తినేది, కలిపి తినేది, నాకేది, చప్పరించేది, తాగేది. నేనూ నా వేళ్ళ మీద లెక్కపెట్టి చూసి అడిగాను.

"మరి మింగేది?"

"మింగేది అంటే?"

"రాగి సంగటి. మేము దాన్ని కొరకము, నాకము, చప్పరించము. ముద్ద చేసి పులుసులో అద్ది మింగేస్తాము. అది యాడకు వస్తుంది ఈ అయిదింట్లో?"

ఆమె అన్ని వేళ్ళూ మళ్ళీ తిరగేసి చూసి, నీతో పెద్ద తలనొప్పమ్మా అని కాఫీ కలపడానికి లోపలికి పోయింది. కథల్లో కూడా అంతే, ఏ మాటకూ జవాబు దొరక్కపోతే కాఫీ కలుపుతారు. దుఃఖం వచ్చినా కాఫీ, చుట్టం వచ్చినా కాఫీ. వాళ్ళకు నిద్ర ఎట్లా పడుతుందో దేవుడికే తెలియాలి.

బీదవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. బీదవాడు గంజి తాగాడు అని రాసి, చదివేవాళ్ళు ఏడవడానికి కాస్త చోటు వదులుతారు. మేము గంజి తాగి, మూతి తుడుచుకుని, చెట్లెక్కి ఆడుకున్నవాళ్ళం. ఏడవాలని మాకు తెలియదు. సంగటిదీ ఇదే గతి. పుస్తకాల్లో సంగటి ఒకటి పేదరికానికి గుర్తుగా వస్తుంది, లేదంటే పట్నం నుంచి వచ్చినవాడు తిని ఆహా అనడానికి వస్తుంది. మధ్యాహ్నమైంది కాబట్టి సంగటి తినేవాళ్ళు ఒక్క కథలోనూ కనబడరు. మా రాగులకు సరైన మర్యాద చేసేవి మా అడివి ఏనుగులు ఒక్కటే. అవి చేలో దిగితే మధ్యలో లేచిపోవు.

ఇదంతా ఇట్లా ఉండగా నా తోడికోడలికి జ్వరం వచ్చింది.

ఆమె మా మరిది పెళ్ళాం. నా ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య ఒక గోడ. పెళ్ళై వచ్చిన నాటి నుంచి ఆమె ఒకటంటే నేను ఇంకొకటి అనడం, నేను ఒకటంటే ఆమె మూతి తిప్పడం మాకు అలవాటు. మా మొగుళ్ళు పోయాక ఆ అలవాటు ఇంకా గట్టిపడింది, ఎందుకంటే అడ్డుపడేవాళ్ళు లేరు. ఆమెకు విషజ్వరం వచ్చి మంచం పట్టింది. జ్వరం దిగింది. దిగిన మర్నాడు, ఎప్పటిలాగే సంగటి ముద్ద పులుసులో అద్ది నోట్లో వేసుకుంది. అది గొంతులో అడ్డం పడింది. కళ్ళు తేలేసింది. ఆమె కోడలు వీపు మీద గుద్ది, నీళ్ళు పోసి, ఎట్లాగో కక్కించింది. ఆ రోజు నుంచి తిండి కనబడితే నోరు మూసేసుకుంటుంది. రాగిజావ నాలుగు గుక్కలు తాగుతుంది, అంతే. ఇడ్లీ పెడితే అది రోగిష్టోళ్ళ తిండి అంటుంది. బ్రెడ్డు పెడితే స్పాంజి అంటుంది.

"సంగటి దిగని గొంతులో ఇంకేం ఏసినా దండగేలే అక్కా" అంది ఒక రోజు. కోపంగా కూడా అనలేదు. నాకు అదే నచ్చలేదు.

ఎముకలు తేలిపోయాయి. హోసూరు డాక్టరు, గొంతులో ఏ లోపమూ లేదు, భయమే అన్నాడు. వచ్చే సోమవారానికి ఇట్లాగే ఉంటే చేర్చుకుని ముక్కులో ట్యూబు వేసి ఆహారం పోయాల్సి వస్తుందని కోడలికి చెప్పాడు. ఆ మాట విని మా తోడికోడలు, ముక్కుతో తినేదానికి నేనేమన్నా ఏనుగునా అంది. నవ్వు వచ్చింది గానీ ఎవరమూ నవ్వలేకపోయాం. ఆ ట్యూబుతో పోయినామె తిరిగి రాదని ఆమెకూ అనుమానం, నాకూ అనుమానం.

కోడలు హోసూరు దగ్గర ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. కంపెనీ వ్యానులో పోతూ వస్తూ ఫోనులో తిండి వీడియోలు చూస్తుంది. ఎవరో పరాయి దేశం పిల్ల గిన్నెడు ఎర్రటి సేమ్యాలు ముందు పెట్టుకుని, జుర్రుమని చప్పుడు చేస్తూ తింటుంది. దాన్ని చూస్తే ఆకలి పుడుతుందట. అత్తకూ చూపించింది. ఆమె రెండు నిమిషాలు చూసి, ఆ బిడ్డకు తల్లి లేదా అని అడిగి, ఉన్న జావ కూడా వద్దంది.

అప్పుడు నాకు తోచింది. వీడియోలో తిండి అయితే రోత పుట్టిస్తుంది గానీ, పుస్తకంలో తిండి కాస్త మర్యాదగా ఉంటుంది కదా. మధ్యాహ్నం పూట గోతం ఈడ్చుకుని గోడ దాటి పోయాను. మంచం పక్కన కూర్చుని, వేలు పెట్టి, భోజనాలు వచ్చే చోట్లన్నీ వెతికి చదివి వినిపించడం మొదలుపెట్టాను.

ముందు జమీందారు ఇంటి పెళ్ళి భోజనం చదివాను. బూరెలు, పులిహోర, వంకాయ కూర, నెయ్యి గరిటెలతో పోశారు. చివరికి వచ్చేసరికి ఆమె గురక పెట్టింది. మర్నాడు ప్రేమ కథ చదివాను. అందులో ఆమె గోరుముద్దలు కలిపి అతని నోట్లో పెడుతుంది. వాడికి చేతులు లేవా అని అడిగింది నా తోడికోడలు. ఉన్నాయి అన్నాను. మరి ఏం రోగం అంది. ఆ తర్వాత కరువు కథ చదివాను. దాంట్లో తల్లి తన కూడు పిల్లలకు పెట్టి, నాకు ఆకలి లేదు నాయనా అంటుంది. అది మంచి కథే. కానీ మంచం మీది మనిషి లేచి కూర్చుంది.

"చూడక్కా. ఇంతసేపు చదివినావు. నీ కతల్లో ఒకడన్నా కడుపు నిండా తిన్నోడు ఉండాడా? పెళ్ళిలో పెండ్లికొడుకు సగంలో లేచిపోయినాడు. ఆ ముద్దలు తినేవోడు చెయ్యి కడుక్కొని ఊరు ఇడిసి పోయినాడు. ఈయమ్మ ఆకలి లేదనె. వాళ్ళంతా మారాజులు, మహాతల్లులు. నేను తినకుంటే మట్టుకు ముక్కులో పైపా?"

నేను కనిపెట్టిన సంగతిని ఆమె నా మీదకే తిప్పింది. పైగా ఇప్పుడు తినకపోవడానికి ఆమెకు పుస్తకాల సాక్ష్యం దొరికింది. కోడలు పని నుంచి వచ్చి జావ గ్లాసు చేతికిస్తే, కథలో తల్లి మాదిరి గ్లాసును పక్కకు జరిపి, నాకు ఆకలి లేదమ్మా అంది. కోడలు నా వైపు చూసిన చూపు నేను రాయను. పెద్దత్తా, ఇంక నువ్వు సుమ్మనే ఊరుకుంటే అదే పెద్ద సాయం అని మాత్రం అంది.

ఇంత జరిగాక ఆదివారం వచ్చింది. మర్నాడే ఆస్పత్రి. కోడలు సంచి కూడా సర్ది పెట్టింది.

అది అనపకాయల కాలం, అనప అంటే చిక్కుడు లాంటి కాయ. మంచు పట్టిన కాయ వాసన ఊరంతా ఉంటుంది. గింజల్ని ముందు రోజు నీళ్ళలో నానబెట్టి, మర్నాడు ఆడవాళ్ళమంతా ఒకచోట కూర్చుని, ఒక్కో గింజనూ రెండు వేళ్ళ మధ్య పెట్టి పితుకుతాం. తొక్క చేతిలో ఉంటుంది, పప్పు జారి గిన్నెలో పడుతుంది. అదే పితికిపప్పు. దాని కూరతో సంగటి తినడం కంటే ఈ భూమ్మీద పెద్ద పని ఏదీ లేదని మా వాళ్ళ నమ్మకం. పితకడం మాత్రం పెద్ద చాకిరీ. ఎంత మంది కూర్చున్నా గిన్నె నిండదు. ఎప్పుడూ నా తోడికోడలి వాకిట్లోనే పితుకుతాం, ఆమె వాకిట్లో ఎండ బాగా పడుతుంది. ఆ రోజు కూడా పక్కిళ్ళ ఆడవాళ్ళు బుట్టలతో వచ్చేశారు. ఆమె మంచం కూడా ఎండలోకి జరిపాం. నా వేళ్ళు కీళ్ళనొప్పులతో పితకవు కాబట్టి నా పని చదవడం. కోడలు ఉరిమి చూసినా, పక్కింటామె చదువక్కా, పొద్దు పోతుంది అంది.

గోతంలో చెయ్యి పెడితే ఒక లావు నవల వచ్చింది. మధ్యలో తెరిచాను. కొండ కింద పల్లె. జోరున వాన. పట్నం నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి దారి తప్పి, ఒక ముసలామె గుడిసె ముందు నిలబడతాడు. ఆమె అయ్యో నాయనా అని లోపలికి పిలిచి, కాళ్ళకు నీళ్ళిస్తుంది. అతను కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చేసరికి అరిటాకులో వేడివేడి సంగటి, పితికిపప్పు కూర సిద్ధంగా ఉంటాయి.

మా వాళ్ళంతా సంతోషపడ్డారు. మన కూర పుస్తకంలోకి వచ్చింది అని ఒకామె బుగ్గన వేలు పెట్టుకుంది. నేను పక్క వరుసకు వేలు జరిపాను.

"ఎవురు పితికినారు?"

మంచం మీది నుంచి వచ్చింది మాట. అందరం తిరిగి చూశాం.

"ఏంది?" అన్నాను.

"పప్పు. ఎవురు పితికినారంట?"

"ఆ ముసిలామె పితికింటుంది."

"ఎప్పుడు? వానలో వాడు తోవ తప్పి వస్తాడని దానికి కల వచ్చిందా, ముందునాడే నానేసి పెట్టుకొనేదానికి?"

పక్కింటామె సర్దిచెప్పబోయింది, తనకోసమే నానేసుకుని ఉంటుందిలే అంది. నా తోడికోడలు ఆమెను కళ్ళతోనే కూర్చోబెట్టేసింది.

"ఒంటి ముసిల్ది. నానేసుకొనింది అనుకుందాం. పితకొద్దా? పొద్దున్నుంచి ఇంతమంది పితుకుతా ఉండాము, గిన్నె అడుగు మునగలే. వాడు కాళ్ళు కడుక్కొనేలోపల అయిపోయిందంట. ఆ కాళ్ళు ఎంతసేపు కడిగినాడు వాడు? దున్నపోతు కాళ్ళా అవి?"

ఆడవాళ్ళు పడీపడీ నవ్వారు. ఉండాము అంటోంది గానీ ఆమె ఒక్క గింజా పితకలేదు. ఆ సంగతి నేను ఎత్తలేదు. అన్ని మాటలు ఒకేసారి ఆమె నోటి నుంచి రావడం జ్వరం తర్వాత అదే మొదలు. నేను ఇంకో వరుస చదివాను. ఆ పెద్దమనిషి సంగటిని కొంచెం కొంచెంగా తుంచుకుని, కళ్ళు మూసుకుని, నెమ్మదిగా నమిలాడట. నమిలేకొద్దీ తియ్యగా ఉందట.

వాకిట్లో పితికే చేతులన్నీ ఆగిపోయాయి.

మా వైపు సంగటి నమలడం అంటే ఏమిటో తెలియనివాళ్ళకు చెప్పాలి. పాలు మాన్పించిన బిడ్డకు మేము మొదట నేర్పేదే నమలకుండా మింగడం. ముద్ద పులుసులో జారాలి, నాలుక మీద జారాలి, గొంతులో జారాలి. పళ్ళకు ఆడ పని లేదు. వేరే సీమ నుంచి వచ్చిన కొత్త అల్లుడు ఒకాయన పెళ్ళి మర్నాడు సంగటి నమిలాడు. ఆయనకిప్పుడు మనవళ్ళున్నారు, అయినా ఊళ్ళో ఆయన పేరు నమిలే అల్లుడే.

"నమిలినాడా!" అంది నా తోడికోడలు. "పండ్లకంతా అంటుకుంటాది అది. జిగట. తియ్యగా ఉంటాదంట, తియ్యగా. రాసినోడు సంగటి మొగం చూసినోడు కాదు."

ఆమె చెప్పిందే సరి, నాకూ తెలుసు. అయినా నా నోరు ఊరుకోలేదు. ఇది ఆమెకు మేలు చేయాలని కాదు, ఆమె ఒకటంటే నేను ఇంకొకటి అనాలి కాబట్టి.

"నువ్వు ఎప్పుడన్నా నమిలి చూసినావా?"

"నేనేంటికి నమలల్ల?"

"మరి తియ్యగా ఉండదని నీకెట్లా తెలుసు? ఆయన నమిలి చూసి రాసింటాడు."

"బుక్కులో ఉంటే పేడ కూడా తియ్యగా ఉంటాదంటావు నువ్వు."

"పేడ సంగతి తెలీదు. సంగటి మాత్రం ఈడ ఎవురూ నమిలి చూడలే. నువ్వూ చూడలే."

ఆమె మోచేతుల మీద ఆనుకుని పైకి లేచింది. మొహం ఎర్రబడింది. జ్వరం ఎరుపు కాదు, నాతో పోట్లాడేటప్పుడు వచ్చే పాత ఎరుపు.

"తీసకరా ఒక ముద్ద. నమిలి చూపిస్తా. తియ్యగా లేకుంటే ఆ బుక్కు మీదనే ఊస్తా."

నేను పుస్తకం తెరిచినది తెరిచినట్టే పక్కింటామె ఒళ్ళో పెట్టి గోడ దాటాను. అంత తొందరగా నేను నడిచి చాలా కాలమైంది. పొద్దున గెలికిన సంగటి కుండలో ఇంకా గోరువెచ్చగా ఉంది. ఒక ముద్ద పళ్ళెంలో వేసి, గిన్నెలో చారు పోసుకుని వచ్చాను. కోడలు గడప దగ్గర నిలబడి ఉంది. మళ్ళీ గొంతుకు అడ్డం పడుతుందని నీళ్ళ చెంబు చేతిలో సిద్ధంగా పట్టుకుంది.

నా తోడికోడలు ముద్దలోంచి సెనగ్గింజంత తుంచింది. అద్దలేదు. నోట్లో పెట్టుకుంది. దవడలు ఆడించడం మొదలుపెట్టింది. ఎదుటి గోడ వైపు చూస్తూ, మేక నెమరువేసినట్టు, చాలాసేపు. నేను ఆమె మొహం చూడలేదు, గొంతు చూశాను. గొంతు ఒకసారి పైకి పోయి కిందకు దిగింది. దగ్గు రాలేదు.

"తియ్యగా ఉందా?" అన్నాను, ఏమీ జరగనట్టు.

"తెలీదు. చిన్నది తుంచితిని. ఇంకొంచెం చూస్తే గానీ చెప్పేదానికి కాదు."

ఇంకొంచెం తుంచింది. ఈసారి ఉసిరికాయంత. నమిలింది. ఉప్పు తక్కువేసినావు, నీ చెయ్యి ఎప్పుడూ ఇంతే అంది. ఇంకోటి తుంచింది. పిండి సరిగ్గా ఉడకలేదంది. ఉడకని పిండికి రుచి ఎట్లా చెప్పేది, లోపలిది ఉడికిందేమో చూడాలి అని ముద్ద నడిమధ్యలో వేలు పెట్టి తుంచింది. చారులో కూడా అద్దింది. పుస్తకాయన చారులో అద్దాడా అని ఒకామె అడిగితే, వాడి సంగతి నాకెందుకు, నాకు పండ్లకు అంటుకుంటా ఉండాది అంది. కోడలు చెంబు కింద పెట్టి కొంగు నోట్లో కుక్కుకుంది.

పక్కింటామె పుస్తకం నా ఒళ్ళోకి తోసి, చదువక్కా, తర్వాత ఏమైంది అని తొందరపెట్టింది. నేను వేలు పెట్టాను. కింది వరుస కంటపడింది. వానలో ఎవరో లాంతరు పట్టుకుని గుడిసె వైపు పరుగెత్తి వస్తున్నారు. ఆ లాంతరు ఎందుకొస్తుందో నాకు తెలుసు. అది తలుపు దగ్గరకు వచ్చిందంటే, ఆ పెద్దమనిషి విస్తట్లో చెయ్యి కడిగేస్తాడు. మంచం మీది మనిషి పళ్ళెంలో ఇంకా సగం ముద్ద ఉంది.

అరచెయ్యి చాపి ఆ పేజీ మీద మూశాను. ఎండకు కళ్ళద్దాలు మసకేసినాయి, ఉండండమ్మా అన్నాను. వాళ్ళు మళ్ళీ పితకడంలో పడ్డారు. ఆమె నమిలింది. చివరి ముక్క కూడా తుంచి, నోట్లో వేసుకుని, చాలాసేపు చూసింది గోడ వైపు. ఆ తర్వాత చెయ్యి పళ్ళెంలో కడిగింది. ఆ పళ్ళెంలో ఆమె చేతి నీళ్ళు తప్ప ఇంకేమీ లేదు.

"తియ్యగా లేదు" అంది. "రాసినోడు అబద్ధాలకోరు. రేపు పితికిపప్పుతో ఇంకొకసారి చూసి గట్టిగా చెప్తా."

మర్నాడు హోసూరు బస్సు ఎక్కలేదు. సంచి సర్దినది సర్దినట్టే కొన్నాళ్ళు గూట్లో ఉంది. ఇప్పుడు ఆమె ఒళ్ళు పట్టింది, నన్ను తిట్టడానికి కావలసినంత ఊపిరి ఉంది. సంగటి మాత్రం ఇప్పటికీ నమిలే తింటుంది, ఊళ్ళోవాళ్ళకు కనబడకుండా మొహం గోడ వైపు తిప్పుకుని. అడిగితే, రుచి తేల్చాల కదా అంటుంది.

ఆ నవల నా దగ్గరే ఉంది. ఆ పేజీ తర్వాత చదవలేదు. టీచరమ్మ, ఏమ్మా ముగింపు ఎట్లా ఉంది అని అడిగితే, బాగుంది అన్నాను. వాన కురుస్తోంది, లాంతరు ఇంకా దూరంలో ఉంది, అతను గుడిసెలో కూర్చుని నమలరాని సంగటిని నమిలి తింటున్నాడు. తినేదాకా తిననీ. రాసినాయనకు అంత తొందరైతే, ముందు నన్ను దాటి ఆ లాంతరు తెమ్మనండి.